బడి నిధుల సేకరణలో ఆహార అలర్జీ ఉన్న పిల్లలు: జాగ్రత్త ఎక్కడ మొదలు కావాలి?

గ్రంథాలయానికి పుస్తకాలు కావలసి వచ్చినా, ఆటస్థలానికి పరికరాలు కొనవలసి వచ్చినా, పిల్లల విజ్ఞాన యాత్రకు డబ్బు చాలకపోయినా, నిధుల సేకరణ అనగానే నిర్వాహకులకు మొదట తట్టేది ఏదో ఒక తినుబండారం అమ్మడమే. దానికి కారణాలు లేకపోలేదు. ఇళ్లలో వండి తీసుకురావచ్చు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, తెచ్చిన సరుకు పూట తిరిగేలోపు చెల్లిపోతుంది, కొన్నవారు కూడా ఊరికే డబ్బు ఇచ్చామని అనుకోరు. అందువల్ల ఇంటి వంటల అమ్మకం, చాక్లెట్ పెట్టెల అమ్మకం, కేటలాగు చూపించి ఆర్డర్లు తీసుకోవడం, ఒక సాయంత్రం అందరూ ఒకే రెస్టారెంటుకు వెళ్లి బిల్లులో కొంత వాటా బడికి వచ్చేలా చూడడం వంటివి ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయితే ఆహార అలర్జీ ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు ఈ విషయం తెలిసేది సాధారణంగా అన్నీ నిర్ణయమైపోయి, బిడ్డ సంచిలో ఆర్డర్ ఫారం ఇంటికి వచ్చిన రోజున. అప్పటికి వారి చేతిలో మిగిలేవి రెండే దారులు: బిడ్డను ఆ రోజుకు దూరంగా ఉంచడం, లేదా భయపడుతూనే పంపడం. ఆహార అలర్జీ విషయంలో బడులు చేస్తున్న పొరపాట్లలో ఎక్కువ భాగం అమ్మకం బల్ల దగ్గర కాక, అంతకు కొన్ని వారాల ముందు జరిగిన సమావేశంలోనే జరిగిపోతున్నాయన్నది ఈ వ్యాసం చెప్పదలచుకున్న ప్రధాన విషయం.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎదురయ్యే మాట, ‘ఆ బిడ్డ తినకుండా ఉంటే సరిపోతుంది కదా’ అన్నది. నిధుల సేకరణలో బిడ్డ పాత్ర తినడం ఒక్కటే అయితే ఆ మాటలో కొంత న్యాయం ఉండేది. కానీ అదే బిడ్డ సరుకును మోస్తుంది, పెట్టెలు ఇంటికి తెచ్చి దాచుకుంటుంది, ఇరుగుపొరుగు వారికి అమ్ముతుంది, బల్ల వెనుక నిలబడి వడ్డిస్తుంది, అందరికంటే ఎక్కువ అమ్మిన తరగతిలో ఉంటే బహుమతిగా ఏర్పాటైన విందులోనూ కూర్చుంటుంది. బడికి డబ్బు తెచ్చిపెట్టిన చేతులకే ఆ విందులో తినదగినది ఏదీ లేకపోవడం, పంక్తిలో కూర్చోబెట్టి ఆకు వేయకపోవడం వంటిది. ఆ బాధ పిల్లలు పైకి చెప్పరు.

ముందు అలర్జీ గురించి స్పష్టత అవసరం. కొన్ని ఆహారాలు పడకపోవడం వేరు, ఆహార అలర్జీ వేరు. పాలలోని చక్కెర అరగని వారికి కడుపు ఉబ్బరం, విరేచనాలు కలుగుతాయి. అది ఇబ్బందే కానీ ప్రాణం మీదికి రాదు. అలర్జీలో శరీరపు రోగనిరోధక వ్యవస్థ ఒక ఆహారంలోని ప్రోటీన్‌ను శత్రువుగా పొరబడి తిరగబడుతుంది. పెదవుల దురద, దద్దుర్లు, వాంతులతో మొదలై, గొంతు వాచిపోవడం, ఊపిరి అందకపోవడం, రక్తపోటు పడిపోవడం వరకు నిమిషాల్లో వెళ్లగల ఆ తీవ్ర స్థితినే అనాఫిలాక్సిస్ అంటారు. దానికి మొదటి మందు ఎపినెఫ్రిన్, అంటే అడ్రినలిన్; అది ఆలస్యమయ్యే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. దురదకు వాడే యాంటీహిస్టమిన్ మాత్రలు దద్దుర్లను తగ్గించగలవు గానీ ఊపిరిని, రక్తపోటును నిలబెట్టలేవు. కొందరిలో చాలా కొద్దిపాటి ప్రోటీన్ చాలు. అందుకే ‘ఒక్క ముక్క తింటే ఏమీ కాదు’ అన్న ఆప్యాయపు మాట ఈ పిల్లల విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది.

బజారులో కొన్న పొట్లం మీద పదార్థాల జాబితా ఉంటుంది. అలర్జీ కుటుంబాల దైనందిన జీవితం ఆ జాబితా మీదే నడుస్తుంది. అమెరికాలో 2004 నాటి చట్టం పాలు; గుడ్లు; చేపలు; రొయ్యలు, పీతల వంటి జలచరాలు; వేరుశనగ; బాదం, జీడిపప్పు వంటి గింజపప్పులు; గోధుమ; సోయా అనే ఎనిమిదింటిని లేబుల్ మీద స్పష్టంగా చెప్పాలన్నది. 2021లో చేసిన మరో చట్టంతో తొమ్మిదోదిగా నువ్వులు చేరి, 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ జాబితాలో ఆవాలు, సెలరీ అనే ఆకుకూర, లూపిన్ అనే పప్పు గింజ వంటివి కూడా కలిసి మొత్తం 14 ఉన్నాయి. భారతదేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనలకూ తమదైన జాబితా ఉంది. ఇన్ని జాబితాలు ఉన్నా, బడి వరండాలో వేసిన బల్ల దగ్గరకు వచ్చేసరికి ఈ రక్షణ చాలావరకు ఆగిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2011లో చేసి 2014 డిసెంబరు నుంచి అమలు చేసిన ఆహార సమాచార నిబంధనల పీఠికలోనే, ధార్మిక కార్యక్రమాల్లోనూ స్థానిక ఉత్సవాల్లోనూ వ్యక్తులు అప్పుడప్పుడు ఆహారాన్ని వడ్డించడం, అమ్మడం ఈ నిబంధనల పరిధిలోకి రాకూడదని రాసి ఉంది. అమెరికా చట్టం ఉద్దేశించినది పొట్లం కట్టి అమ్మే ఆహారాన్ని. ఇంట్లో చేసి పళ్లెంలో తెచ్చిన కేకు ముక్క దాని చూపులో లేదు. ప్రతి తల్లీ తండ్రీ వ్యాపారి నియమాలన్నీ పాటించనక్కర్లేదని చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటు అర్థం చేసుకోదగినదే. అయితే దాని ఫలితం ఒకటుంది: చట్టం చేయని పనిని బడే చేయాలి.

ఇంటి వంటలో చిక్కు పదార్థాల్లోనే కాదు, వంటగదిలోనూ ఉంటుంది. వేరుశనగ లేని బిస్కెట్లు చేశానని ఒకరు నిజాయితీగానే చెప్తారు. కానీ ఆ పిండి కలిపిన గిన్నెలో ముందు రోజు ఏం కలిపారు, చక్కెర డబ్బాలో వేసిన చెంచా అంతకు ముందు ఏ పప్పు పొడిలో మునిగింది, ఓవెన్ ట్రేను ఎంత బాగా కడిగారు అన్నవి గుర్తుపెట్టుకోవడం ఆ అలవాటు లేని ఇంటికి సాధ్యం కాదు. వేడికి సూక్ష్మజీవులు చస్తాయి కనుక అలర్జీ కారకాలు కూడా పోతాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బాగా బేక్ అయిన పాలను, గుడ్లను తట్టుకోగల పిల్లలు కొందరుంటారు గానీ, అది వైద్యుడు పరీక్షించి చెప్పవలసిన మాట. వేయించిన వేరుశనగ విషయంలో వేడి ఏ విధంగానూ రక్షించదు. ఇక బల్ల మీద పళ్లేలన్నిటికీ ఒకే పట్టకారు వాడితే, జాగ్రత్తగా చేసి తెచ్చిన వంటకం కూడా అరగంటలో మిగతావాటితో సమానమైపోతుంది.

పొట్లాల్లో వచ్చే చాక్లెట్లు, బిస్కెట్లు అమ్మితే ఈ చిక్కులన్నీ తీరినట్లు కనిపిస్తుంది. కొంత తీరుతాయి కూడా. అయినా ఇక్కడ కొన్ని మెలికలున్నాయి. పెద్ద పెట్టె మీద పదార్థాల జాబితా ఉండి, లోపలి చిన్న పొట్లాల మీద లేకపోవచ్చు. పెట్టె విప్పి విడివిడిగా అమ్మినప్పుడు ఆ సమాచారం చెత్తబుట్టలోకి పోతుంది. ఒకే పేరుతో వచ్చే మిఠాయి మామూలు సైజులో ఒక యంత్రం మీద, చిన్న సైజులోనో ప్రత్యేక ఆకారంలోనో వేరొక యంత్రం మీద తయారు కావచ్చు. అందువల్ల పోయిన నెల తిన్నదే కదా అన్న ధీమా పనికిరాదు. ‘ఫలానాది ఉండే అవకాశం ఉంది’ అన్న హెచ్చరిక అమెరికాలోనూ మరెన్నో దేశాల్లోనూ తయారీదారు ఇష్టానికి వదిలేసినది. ఆ వాక్యం లేనంత మాత్రాన ప్రమాదం లేదని అర్థం కాదు. వేరే దేశం నుంచి వచ్చిన సరుకు అయితే అక్కడి జాబితాలో లేని పదార్థం మసాలా అనో సువాసన అనో ఒక మాటలో దాగిపోవచ్చు. కేటలాగు అమ్మకాల్లో అయితే వస్తువు చేతికి వచ్చేదాకా లేబులే కనబడదు. కాబట్టి ఆర్డర్ ఫారాలు పంచకముందే సరఫరాదారు నుంచి ప్రతి వస్తువు పదార్థాల జాబితా తెప్పించుకోవడం నిర్వాహకులకు ఒక ఉత్తరంతో అయ్యే పని. అదే పని ప్రతి కుటుంబం విడివిడిగా చేయవలసి వస్తే చాలామందికి సాధ్యం కాదు.

ఇంత చెప్పిన తరువాత, భయాన్ని అవసరమైనంత మేరకే ఉంచుకోవడం ఎంత ముఖ్యమో కూడా చెప్పాలి. వేరుశనగ అలర్జీ తీవ్రంగా ఉన్న 30 మంది పిల్లలతో చేసి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వేరుశనగ వెన్నను చర్మానికి తాకించినా, దాని వాసన దగ్గరగా పీల్చేలా చేసినా, ఎవరికీ ఒళ్లంతా ప్రభావం చూపే ప్రతిచర్య రాలేదు; కొందరికి తాకిన చోట ఎరుపు, దురద మాత్రం వచ్చాయి. అంటే గదిలో ఆ పదార్థం ఉండడమే ప్రాణాంతకం కాదు. నిజమైన ప్రమాదం నోటి ద్వారా వస్తుంది. అయితే చిన్న పిల్లల చేయి నోట్లోకి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన వారెవరూ తాకడాన్ని తేలికగా తీసుకోరు. చేపలు ఉడికేటప్పుడు వచ్చే ఆవిరి వంటివి అలర్జీ ఉన్న కొందరిలో ఊపిరి ఇబ్బంది కలిగిస్తాయి కనుక, అక్కడికక్కడే వండి అమ్మే బల్లలను విడిగా ఆలోచించాలి. చేతుల శుభ్రత గురించి 2004లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఉపయోగకరమైనది: చేతులకు అంటిన వేరుశనగ ప్రోటీన్‌ను సబ్బుతో కడగడం, తడి వైప్‌లతో తుడవడం తొలగించాయి; ఉత్త నీళ్లు, హ్యాండ్ శానిటైజర్ పూర్తిగా తొలగించలేకపోయాయి. శానిటైజర్ క్రిములను చంపుతుంది గానీ ప్రోటీన్‌ను చేతి మీద నుంచి తీసివేయదు. బల్ల పక్కన శానిటైజర్ సీసా పెట్టి తమ బాధ్యత తీరిందనుకునే నిర్వాహకులు ఈ ఒక్క విషయం తెలుసుకున్నా ఎంతో మేలు.

మరి బడి మొత్తం మీద ఆ ఆహారాన్ని నిషేధించమని అడగాలా? అలర్జీ నిపుణుల అంతర్జాతీయ బృందం ఒకటి 2021లో ప్రచురించిన బడి మార్గదర్శకాలు, బడి అంతటా ఏదో ఒక ఆహారాన్ని నిషేధించడం ప్రతిచర్యలను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదని చెప్పి, దానికి బదులు సిబ్బందికి శిక్షణ, ప్రతి బిడ్డకూ రాతపూర్వక అలర్జీ ప్రణాళిక, బడిలో ఎవరికైనా వాడదగిన ఎపినెఫ్రిన్ నిల్వ ఉంచడం మీద దృష్టి పెట్టమన్నాయి. నిషేధం మీద పోరాటం తరచు తల్లిదండ్రులను రెండు వర్గాలుగా చీల్చి, చివరికి ఆ బిడ్డను అందరి సరదాకూ అడ్డుపుల్లగా నిలబెడుతుంది. నిషేధం ఉందన్న నమ్మకంతో పెద్దల కాపలా సడలిపోయే అవకాశమూ ఉంది. నిధుల సేకరణ విషయంలో మాత్రం నిషేధం అన్న మాటే అవసరం లేకుండా పని జరుగుతుంది. మధ్యాహ్న భోజనం ప్రతి బిడ్డకూ తప్పనిసరి. నిధుల సేకరణకు ఆహారం తప్పనిసరి కాదు. ఉద్దేశం డబ్బు కూర్చడం. దానికి ఏ రూపం ఎంచుకోవాలన్నది పూర్తిగా నిర్వాహకుల చేతిలో ఉంది. ఏ బిడ్డనూ బయట నిలబెట్టని రూపం అందుబాటులో ఉండగా, కొందరిని బయట నిలబెట్టే రూపాన్ని ఎంచుకోవడానికి అలవాటు తప్ప మరో కారణం కనిపించదు.

అందుకే తల్లిదండ్రులు మాట్లాడవలసిన సమయం విద్యా సంవత్సరపు మొదటి సమావేశం, ఇంకా ఏదీ తేలని రోజు. అప్పుడు అడిగే మాట సలహాగా వినిపిస్తుంది. ఫారాలు అచ్చయ్యాక అడిగితే అదే మాట ఫిర్యాదుగా వినిపిస్తుంది. వెళ్లేటప్పుడు అభ్యంతరంతో పాటు ఒక ప్రత్యామ్నాయాన్నీ, దాన్ని నడిపించడానికి కొంత సమయాన్నీ పట్టుకెళ్లిన తల్లిదండ్రుల మాట సాగే అవకాశం ఎక్కువ. అలర్జీ ఉన్న బిడ్డ తల్లిదండ్రుల మీదే ఈ భారం పడడం న్యాయం కాదు నిజమే. కానీ ఈ కమిటీల్లో పనిచేసేవారంతా తీరిక దొరకబుచ్చుకుని వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు, వారికి సిద్ధంగా ఉన్న దారి చూపిస్తే కాదనేవారు తక్కువ. ఒక్కరే వెళ్లకుండా, అదే తరగతిలోనో బడిలోనో ఉన్న ఇతర అలర్జీ కుటుంబాలతో, మధుమేహం, సీలియాక్ వ్యాధి (గోధుమ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ పేగులకు హాని చేసే వ్యాధి) ఉన్న పిల్లల కుటుంబాలతో కలిసి వెళ్లడం ఇంకా మంచిది. అప్పుడు అది ఒక బిడ్డ సమస్యగా మిగలదు.

ప్రత్యామ్నాయాలకు కొదవ లేదు. పిల్లలు మైదానం చుట్టూ వేసిన ప్రతి చుట్టుకూ, చదివిన ప్రతి పుస్తకానికీ బంధుమిత్రులు ఇంత అని విరాళం ఇచ్చే కార్యక్రమాలు, పాత పుస్తకాల అమ్మకం, మొక్కల అమ్మకం, పిల్లల బొమ్మల ప్రదర్శన, నాటకాలు, సంగీత కచేరీ, పజిల్ పోటీలు ఎన్నో ఉన్నాయి. వీటికి ఆర్థికంగా కూడా ఒక బలం ఉంది: సరుకు కొని అమ్మే పద్ధతిలో వచ్చిన డబ్బులో పెద్ద వాటా సరఫరాదారుకు పోతుంది, విరాళాల పద్ధతిలో వచ్చినది దాదాపు అంతా బడికి మిగులుతుంది. కమిటీలో అలర్జీ గురించి ఆసక్తి లేని వారిని కూడా ఈ లెక్క కదిలిస్తుంది. ఏ హంగామా లేకుండా, ‘ఇంత మొత్తం కావాలి, వీలైనంత ఇవ్వండి’ అని సూటిగా అడగడమూ ఒక పద్ధతే; చాలామంది తల్లిదండ్రులకు అదే హాయి.

అయితే తినేది కాదంటే అలర్జీ లేదని కాదు. చేతితో చేసిన సబ్బుల్లో, లేపనాల్లో బాదం నూనె, మేక పాలు ఉండవచ్చు. పక్షుల మేతలో వేరుశనగ, నువ్వులు ఉంటాయి. పిల్లలు ఆడుకునే రంగుల పిండిముద్ద గోధుమ పిండితో చేసినది కావచ్చు. నడక కార్యక్రమం చివర నీళ్లతో పాటు ఏదో ఒక చిరుతిండి పంచుతారు, ఆ ఒక్క పొట్లం గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. పైగా తిన్న వెంటనే శ్రమ చేస్తే కొందరిలో ప్రతిచర్య మామూలు కంటే తక్కువ మోతాదుకే వస్తుందన్నది వైద్యులు చెప్పే విషయం. పరుగుతో కూడిన రోజున ఇది గుర్తుండాలి. రెస్టారెంటు సాయంత్రం అయితే బిడ్డ ఇంట్లో తిని వెళ్లి స్నేహితులతో కూర్చోవడమో, ఆ కుటుంబం వెళ్లకుండానే విరాళం ఇవ్వడమో చాలు.

కొన్నిచోట్ల ఎంత చెప్పినా ఆహారం అమ్మకమే ఖాయమవుతుంది. అప్పుడు పని ఏర్పాట్ల మీదికి మళ్లాలి. ప్రతి వంటకం పక్కనా అన్ని పదార్థాలూ రాసిన కార్డు ఉండాలి. ‘గింజలు లేవు’ వంటి హామీల కన్నా ఏమేం వేశారో పూర్తిగా రాయడం ఎంతో మేలు, ఎందుకంటే హామీ రాసినవారికి నువ్వుల అలర్జీ ఉన్న బిడ్డ ఉన్న సంగతే తెలియకపోవచ్చు. పళ్లెం పళ్లేనికీ వేరు పట్టకారు, పొట్లాల సరుకుకు వేరే బల్ల, అసలు లేబుళ్లను సాయంత్రం వరకు దాచి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అమ్మకం తరగతి గదుల్లో కాక, పాఠాలు జరగని చోట, వీలైతే భోజనాల హాలులో జరిగితే బల్లలు, కుర్చీలు శుభ్రం చేయడం తేలిక. బిడ్డ ఏది కొనుక్కోవచ్చో ఇంట్లోనే నిర్ణయించి, దాచి ఉంచిన సురక్షితమైన తినుబండారాన్ని ముందుగానే టీచరుకు ఇచ్చి ఉంచితే, ఆ క్షణంలో బిడ్డ ఒంటరిగా తేల్చుకోవలసినది ఉండదు. ఆ బిడ్డకు డబ్బు లెక్క చూసే పనో, పోస్టర్లు గీసే పనో అప్పగించవచ్చు, కానీ అది ఓదార్పుగా పారేసిన పని కాకుండా నిజంగా అవసరమైన పని అయి ఉండాలి. ఆ తేడా పిల్లలు పసిగడతారు.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది మందు. ఈ కార్యక్రమాలు తరచు బడి వేళల తరువాతో, సెలవు రోజునో జరుగుతాయి. ఆ సమయానికి నర్సు ఇంటికి వెళ్లి ఉంటుంది, ఎపినెఫ్రిన్ ఆటో ఇంజెక్టర్ (తొడకు నొక్కితే మందు దానంతటదే ఎక్కే సూది) తాళం వేసిన గదిలో ఉంటుంది, బల్ల దగ్గర నిలబడినవారు ఆ బిడ్డను ఎన్నడూ చూడని స్వచ్ఛంద కార్యకర్తలై ఉంటారు. కాబట్టి మందు ఎక్కడుంది, ఎవరు ఇస్తారు, అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు పేర్లతో సహా జవాబు లేకుండా ఏ కార్యక్రమమూ మొదలు కాకూడదు. లక్షణాలు తీవ్రంగా ఉంటే ముందు ఇంజెక్షన్, ఆ తరువాతే ఫోన్లు. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి, హఠాత్తుగా లేపి నడిపించకూడదు. తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటల తరువాత లక్షణాలు మళ్లీ రావచ్చు కనుక ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంటి పెద్దలతో పాటు ఆ రోజు బాధ్యులైన ఇద్దరికైనా సూది, మందు లేని సాధన ఇంజెక్టర్‌తో చేసి చూపించడం పది నిమిషాల పని.

వయసును బట్టి పట్టు మారుతుంది. చిన్న బిడ్డ విషయంలో అంతా పెద్దల చేతిలో ఉంటుంది. యౌవనంలోకి అడుగుపెడుతున్న పిల్లల విషయంలో ప్రమాదం ఎక్కువ. ఆహార అలర్జీ వల్ల జరిగిన మరణాల్లో ఆ వయసువారు, యువకులు ఎక్కువగా కనిపిస్తున్నారు. స్నేహితుల ముందు వేరుగా కనిపించకూడదన్న తపన, మందు వెంట ఉంచుకోవడానికి మొహమాటం వారిలో ఉంటాయి. వారిని కాపలా కాయడం కన్నా కమిటీలోకి తీసుకుని, కార్యక్రమపు రూపం నిర్ణయించడంలో చేయి వేయించడం ఎక్కువ ఫలితమిస్తుంది.

గోప్యత గురించి కూడా నిర్వాహకులు జాగ్రత్త పడాలి. ‘ఫలానా బిడ్డ వల్ల ఈసారి కేకుల అమ్మకం లేదు’ అని అందరికీ సందేశం పంపితే, మంచి ఉద్దేశంతో చేసిన మార్పు ఆ బిడ్డ మీద రాయి విసిరినట్లే అవుతుంది. 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆహార అలర్జీ ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మంది ఆ అలర్జీ కారణంగానే తోటివారి వేధింపులకు గురయ్యామని చెప్పారు. కొన్ని సందర్భాల్లో ఆ ఆహారాన్నే ముఖం ముందు ఊపి బెదిరించారు కూడా. ఈ ఏడాది విరాళాల నడక చేస్తున్నాం అని ఉత్సాహంగా ప్రకటిస్తే చాలు. కారణం చెప్పవలసిన అవసరం లేదు.

చివరగా, ఈ కమిటీలు ఏటా మారుతుంటాయి. ఒక ఏడాది ఓపికగా కుదుర్చుకున్న ఏర్పాటు, ఆ తల్లిదండ్రుల పిల్లలు పై బడికి వెళ్లగానే చెరిగిపోయి, వచ్చే ఏడాది మళ్లీ అదే చాక్లెట్ పెట్టెల కేటలాగుతో మొదలవుతుంది. అందువల్ల ఏ కార్యక్రమం చేశారు, ఎంత వచ్చింది, ఏ సరఫరాదారు జాబితా ఇచ్చాడు, మందు ఎవరి దగ్గర ఉంచారు, ఎక్కడ పొరపాటు జరగబోయింది అన్నవి ఒకటి రెండు పేజీల్లో రాసి, నిధుల లెక్కల పుస్తకంతో పాటే కొత్త కమిటీకి అందజేయాలి.